జీవాలు పోయిన వార్త

1955 ఎండాకాలంలో నన్ను కడప నుంచి కర్నూలుకు బదిలీ చేశారు. హోదా ప్రచార సహాయకుడు. పని, ప్రచార వ్యానులో ఊరూరా తిరిగి వార్తా చిత్రాలు చూపించడం. కర్నూలు అప్పుడు రాజధాని. కచేరీలు చాలావరకు డేరాల్లో నడిచేవి. మా జిల్లా అధికారి డేరాలో గట్టిగా గాలి వీస్తే కాగితాలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి వాటంతటవే వెళ్ళేవి. ఇరవై అయిదేళ్ళ నౌకరీలో కాగితాలు అంత చురుగ్గా కదలడం నేను మళ్ళీ చూడలేదు.

వార్తా చిత్రం అంటే ఏమిటో ఈ కాలం వాళ్ళకు కొంచెం చెప్పాలి. పది నిమిషాల రీలు. అందులో అయిదారు ముక్కలుండేవి: ఒక ఆనకట్ట, ఒక వరద, ఒక విదేశీ ప్రముఖుడి రాక, చివర ఆటలు. మాకు వచ్చే రీళ్ళలో మాటలు ఎక్కువగా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండేవి. అందుకని ఆపరేటరు ధ్వని తగ్గించేవాడు, ప్రచార సహాయకుడు తెర పక్కన నిలబడి మైకులో తెలుగు చదివేవాడు. ఆ తెలుగును వ్యాఖ్యాన ప్రతి అనేవాళ్ళం. పై ఆఫీసు నుంచి టైపు చేసి, ప్రతి పేజీకీ ముద్ర వేసి పంపేవారు. దానికి ఒక్క అక్షరం కలపకూడదు, ఒక్కటి తీయకూడదు. ఈ ఉద్యోగం నాకు చదువును బట్టి వచ్చింది కాదు. ఒంటిమిట్ట తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లల గురించి మైకులో చెప్పేవాణ్ణి. ఆ గొంతు విని ఒక అధికారి పిలిచి ఇచ్చాడు. ఆనకట్టకు ఒక గొంతు, వరదకు ఒక గొంతు, రెండూ నా దగ్గర సిద్ధంగా ఉండేవి.

వార్తలను వార్తల గొంతుతోనే వెక్కిరించే హాస్య కార్యక్రమాలు పై దేశాల టెలివిజన్‌లో వస్తాయని ఈమధ్య ఎక్కడో చదివాను. మేము ఆ పని కోసిగి సంత మైదానంలో, రెండు బండి నొగల మధ్య కట్టిన తెల్ల గుడ్డ మీద ఒకసారి చేశాం. నాకు దానికి హెచ్చరిక మెమో వచ్చింది. ఆ సంగతే ఇది.

రాజధానితో పాటు కర్నూలుకు ఒక వారపత్రిక కూడా వచ్చింది. పేరు 'సీమ ఫిరంగి'. సంపాదకుడు, విలేఖరి, ప్రూఫులు దిద్దేవాడు ఒక్కరే. కోస్తాలో కృష్ణ ఒడ్డు మనిషి. ఊరంతా ఆయనను ఫిరంగి పంతులు అనేది. మనిషి చెడ్డవాడు కాదు, ఎదురుపడితే కాఫీ ఇప్పించేవాడు. కానీ ఆయన పత్రికలో వాన పడితే జలప్రళయం, వాన పడకపోతే మహాక్షామం. మామూలుగా పడిన వాన అనేది ఆ పత్రికలో లేదు. ప్రతి వాక్యం చివరా మూడు ఆశ్చర్యార్థకాలు ఉండాలి. అచ్చాపీసులో ఆ గుర్తులు చాలక, కంపోజిటరు ఇంగ్లీషు చిన్న 'ఐ' అక్షరాన్ని తలకిందులు చేసి పేర్చేవాడు. కష్టపడి సంపాదించిన గుర్తులు కదా, వాడకుండా ఉంచడం ఆయనకు మనసొప్పేది కాదు.

ఆ వేసవిలో పంతులు ఏదో పని మీద రైల్లో వెళ్తూ కోసిగి స్టేషనులో దిగి నీళ్ళు తాగాడు. ప్లాట్‌ఫారం మీద ఎర్రబండ అనే ఊరి గొర్రెల కాపరి మల్లప్ప కూర్చుని ఉన్నాడు. పంతులు అలవాటు కొద్దీ విశేషాలు అడిగాడు. ఆ సంభాషణ మల్లప్ప తర్వాత నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఏమయ్యా, మీ ఊళ్ళో విశేషాలేమిటి?"

"ఏం ఇశేషం సామీ. మొన్ననే కత్తిరింపు అయింది, అంతలోకే పన్నెండు జీవాలు పోయినాయి."

"అయ్యో. ఎలా పోయాయి?"

"నోట్లో నురగ సామీ. నిలబన్న తావునే పడిపాయ."

"పూడ్చారా, దహనం చేశారా?"

"పూడ్చేదేముండాది సామీ. తోళ్ళు ఒలిచినాం. కడుపు కూటికి ఏమన్నా సెయ్యల్ల గదా."

రైలు కూత వేసింది. పంతులు ఎక్కేశాడు.

మా సీమలో జీవాలంటే గొర్రెలు, మేకలు. 'నాలుగు జీవాలు కాసుకుంటాండా' అంటే ఎవరికీ అనుమానం రాదు. ఎర్రబండలో జొన్న కోసిన చేలల్లో అకాలంగా ఒక వాన పడి, మోళ్ళు చిగురు వేసి, ఆ చిగురు మళ్ళీ ఎండకు వాడింది. దాన్ని నాము అంటారు. తిన్న పశువు ఉన్నచోటే పడిపోతుంది. మల్లప్ప గొర్రెలు తిన్నది ఆ నామునే. కృష్ణ ఒడ్డున జీవమంటే ప్రాణం. అచ్చులో మాట ఇంకా బరువుగా ఉండాలని పంతులు జీవాలను ప్రాణాలు చేశాడు. కత్తిరింపును తన తెలివితో తలనీలాలు చేశాడు. ఆ వారం ఫిరంగి మొదటి పేజీలో ఇలా వచ్చింది:

'ఘోరం!!! కోసిగి సమీపాన ఎర్రబండలో పన్నెండు నిండు ప్రాణాలు బలి!!! తలనీలాలు సమర్పించి వచ్చిన మూడవ నాడే దారుణం!!! నోట నురగ!!! నిలుచున్న చోటనే నేలకొరిగిన వైనం!!! అంత్యక్రియలకు బదులు చర్మములు ఒలిచిన బంధువర్గం!!! మానవత్వమా, నీవెక్కడ!!!'

ఇంగ్లీషు ఐలు ఆ ఒక్క వార్తకే అయిపోయి ఉంటాయి.

మా వ్యాను కోసిగికి సంత రోజు మధ్యాహ్నం చేరింది. ఆపరేటరు ఖాదర్, నేను తెర కట్టించే ప్రయత్నంలో ఉండగా ఒక నడివయసు మనిషి నేరుగా నా దగ్గరికి వచ్చింది. పేరు సువార్తమ్మ. ఎర్రబండ క్రైస్తవుల పేటలో ఉంటుంది. ఏటా ఎండాకాలం ఆ ఊరి నుంచి ముప్ఫై నలభై మందిని కూడగట్టి తుంగభద్ర కాలువ మట్టి పనికి తీసుకుపోయేది ఆమే. వానలు పడేదాకా ఎర్రబండకు ఆ పని తప్ప వేరే గంజి లేదు. కాలువ కంట్రాక్టరు గుమాస్తా కూలీల పేర్లు రాసుకోవడానికి ఆ రోజు సంతకు వచ్చాడు. అన్ని ఊళ్ళ పేర్లూ రాశాడు, ఎర్రబండ అనగానే, ఫిరంగిలో చదివిన చావులు గుర్తొచ్చి రిజిస్టరు మూసేశాడు. తెల్లవారితే వెళ్ళిపోతాడు.

"సార్, మైకులో ఒక మాట సెప్పల్ల మీరు. మా ఊర్లో ఎవురూ సావలేదని సెప్పండి. సచ్చింటే నేనే ముందు ఏడ్సేదాన్ని గదా."

పై ఆఫీసు ముద్ర లేని మాట మైకులో చెప్పడానికి నాకు అధికారం లేదని చెప్పాను. ప్రకటన కావాలంటే జిల్లా అధికారికి రాయాలి, ఆయన కలెక్టరు కచేరీకి రాయాలి, జవాబు వచ్చేసరికి కాలువలో నీళ్ళు కూడా పారతాయి. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అయితే ఆ మైకు పండగలకేనా సార్?" అంది. ఆ మాట తగిలి, ఆమెతో పాటు గుమాస్తా దగ్గరికి నడిచాను. మల్లప్ప కూడా వెంట వచ్చాడు. ఆ వారం రోజుల్లో ఊరంతా అతన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది, పాపం, అతని నోటి నుంచే కదా ఇదంతా పుట్టింది.

గుమాస్తా కూడా కృష్ణ ఒడ్డు మనిషే. చింతపండు బస్తాల పక్కన నీడలో కూర్చుని ఉన్నాడు. మర్యాదస్తుడు, కానీ మొండి.

"ఎవురూ సావలేదు సామీ. పోయినవి జీవాలే," అంది సువార్తమ్మ.

"అదిగో, మీ నోటితో మీరే ఒప్పుకుంటున్నారు కదమ్మా. జీవాలు పోయాయని."

"జీవాలు సామీ. మనుసులు గాదు."

"జీవం పోయాక మనిషి అనరు తల్లీ. శవం అంటారు."

మల్లప్ప ఉండబట్టలేక, "గొర్రెలు సామీ, గొర్రెలు," అన్నాడు.

గుమాస్తా నా వైపు తిరిగి, చూశారా అన్నట్టు తల ఊపాడు. "ఇందాక జీవాలు, ఇప్పుడు గొర్రెలు. ఇంకాసేపుంటే కోళ్ళంటారు. పని కోసం పోయినవాళ్ళను గొర్రెలు చేసేస్తున్నారండీ."

ఈ ప్రాంతంలో జీవమంటే గొర్రె అనే అర్థమని నేను వివరంగా చెప్పాను. ఆయన ఓపికగా విని, "తమరు ప్రచార శాఖ వారు కదూ," అన్నాడు. అంతటితో నా సాక్ష్యం కొట్టుకుపోయింది. అంతా క్షేమం అని చెప్పడానికే నాకు జీతమిస్తారని ఆయనకూ తెలుసు.

వ్యాను దగ్గరికి వచ్చాక ఆలోచించాను. సువార్తమ్మ కాదన్న కొద్దీ అవునని తేలుతోంది, నేను కాదంటే ఇంకా గట్టిగా తేలుతుంది. సంతలో బెల్లం పొట్లం కట్టి ఇచ్చిన కాగితం నా చేతిలో ఉంది. అది ఆ వారం ఫిరంగే. మొదటి పేజీ. చదివాను. మళ్ళీ చదివాను, ఈసారి 'ప్రాణాలు' అన్న చోట మల్లప్ప అన్న మాట పెట్టి. పక్కనున్న ఖాదర్ పడీపడీ నవ్వాడు.

"ఖాదర్, రెండో రీలుకు నేను ఇదే చదువుతాను. ధ్వని పూర్తిగా తీసేయి."

"అరే సార్, నౌకరీ పోతాది. ఇద్దరిదీ."

"ఊరి పెద్దల ఎదుట పేపరు చదవకూడదని ఏ రూల్లో ఉంది?"

"మీరు సదువుకున్నోళ్ళు సార్. రూలు ఉండాదో లేదో మీకే తెల్సు. నేను మాత్రం మిషన్ తిప్పినా, అంతే. నాకేం ఇనపడలేదు."

పొద్దు గూకగానే ప్రదర్శన మొదలుపెట్టాం. పద్ధతి ప్రకారం ముందు వరుసలో కుర్చీలు: మునసబు, కరణం, హెడ్ కానిస్టేబులు, మా మాట మీద గుమాస్తా. వెనక సంతకు వచ్చిన జనం, ఎర్రబండ వాళ్ళు ఒక పక్కగా, మిగతా వాళ్ళు వాళ్ళకు కొంచెం ఎడంగా. మొదటి రీలు వ్యాఖ్యాన ప్రతి ప్రకారం పొల్లు పోకుండా చదివాను. రెండో రీలులో ఒక విదేశీ ప్రముఖుడు విమానం దిగుతాడు, సైనికులు వందనం చేస్తారు, పూలదండలు, కరచాలనాలు. ఖాదర్ ధ్వని తీసేశాడు. నేను వరద గొంతు అందుకున్నాను.

"ఘోరం. కోసిగి సమీపాన ఎర్రబండలో పన్నెండు నిండు జీవాలు బలి."

తెర మీద సైనికులు టక్కున వందనం చేశారు. వెనక నుంచి ఎవరో, "గొర్రెలు సచ్చినా పేపర్లో ఏస్తాండారా ఇప్పుడు?" అన్నారు. ఆ మూల నవ్వు పుట్టింది.

"తలనీలాలు సమర్పించి వచ్చిన మూడవ నాడే దారుణం."

"యా కొండకు పోయింటాయప్పా?"

"తిరపతికే. రైలు టికిట్టు కూడా కొనింటాయి."

నేను నవ్వలేదు. నవ్వితే వార్త చదివే గొంతు పోతుంది. "నోట నురగ. నిలుచున్న చోటనే నేలకొరిగిన వైనం. అంత్యక్రియలకు బదులు చర్మములు ఒలిచిన బంధువర్గం." అదే సమయానికి తెర మీద ఉన్నికోట్లు వేసుకున్న పెద్దమనుషులు వరుసగా నిలబడి ఒకరి చేతులు ఒకరు పట్టుకుని పరామర్శించుకుంటున్నారు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఎర్రబండ వాళ్ళకూ మిగతా వాళ్ళకూ మధ్య ఉన్న ఎడం ఎప్పుడు పోయిందో తెలియదు, అందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

ఇంతలో మల్లప్ప లేచి నిలబడ్డాడు. అతనికి ఇది వేళాకోళమని తట్టలేదు. వార్తలో తప్పుందని మాత్రం తట్టింది.

"పన్నెండు గాదు సార్. పదకొండే. నల్లమూతిది లేసింది. ఈడనే ఉండాది."

ఆ గొర్రెను సంతకు తోలుకొచ్చాడు. భుజాల మీద వేసుకుని సరాసరి తెర ముందుకు వచ్చాడు. వెలుగులో గొర్రె నీడ అంతెత్తున పడి, ప్రముఖుడి మెడలో వేయబోతున్న దండ దాని మెడలో పడింది. వెనక్కి రమ్మని అరవాల్సింది నేను. అరవలేదు.

"మృతులలో ఒకరు ఇప్పుడే మన మధ్యకు వేంచేశారు," అని, మైకు దాని నోటి దగ్గర పెట్టాను. "అమ్మా, మరణానంతరం పరిస్థితులు ఎలా ఉన్నాయి?"

నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు, అది సరిగ్గా అప్పుడే అరిచింది. రెండు లౌడ్‌స్పీకర్లలోనూ అరిచింది. కోసిగి కొండ బండల మీద పడి ఆ అరుపు తిరిగి వచ్చింది.

కుర్చీల వరుసలో నవ్వనిది గుమాస్తా ఒక్కడే. నేను కంట కనిపెట్టే ఉన్నాను. ఆయన హెడ్ కానిస్టేబులు వైపు వంగి, జీవమంటే నిజంగా గొర్రేనా అని అడిగాడు. కానిస్టేబులు ఆశ్చర్యపోయాడు.

"గొర్రె గాక ఇంకేమప్పా? మీ తట్టు మనుసుల్ని జీవాలంటారా? పాపం."

రీలు అయ్యాక గుమాస్తా వ్యాను దగ్గరికి వచ్చాడు. ఒక్కొక్కటే అడిగాడు. తలనీలాలు? బొచ్చు కత్తిరింపు. చర్మాలు? గొర్రెతోళ్ళు. మరి నురగ? మల్లప్ప నాము సంగతి చెప్పాడు, మనుషులకు అంటేది కాదన్నాడు. గుమాస్తా కిందటేడు కాలువ క్యాంపులో తాను కలరా చూశానని, రెండు రోజుల్లో ఒక గుడిసె గుడిసే ఖాళీ అయిందని, అప్పటి నుంచి ఏ ఊళ్ళో దగ్గు వినిపించినా భయమేనని చెప్పాడు. అది విన్నాక ఆయనను ఆటపట్టించబుద్ధి కాలేదు. మొండితనం అనుకున్నది భయమని నేను సాయంత్రమే కనిపెట్టి ఉండవలసింది.

సువార్తమ్మకు మాత్రం జాలి రాలేదు. "ఇంగ మేము సచ్చినోళ్ళమా, బతికినోళ్ళమా సామీ? బాగా సూసి రాయండి," అంది. ఆయన వ్యాను దీపం కింద రిజిస్టరు తెరిచి, ముందు ఆమె పేరే అడిగాడు. చెప్పింది. రాసి, ఆ రోజుకు మొదటిసారి నవ్వాడు. ఎర్రబండ వాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది మూడో రోజున కాలువకు నడిచారు.

తర్వాతి వారం ఫిరంగి వచ్చింది. పంతులు తన తప్పు దిద్దుకుని ఉంటాడని మీరు అనుకుంటే మీకు ఆ పత్రిక తెలియదు. 'చచ్చిన గొర్రె మాట్లాడింది!!! ప్రభుత్వోద్యోగి సమక్షంలో అద్భుతం!!!' అని వేశాడు. జనం పసుపు కుంకుమలు తీసుకుని ఎర్రబండకు రావడం మొదలుపెట్టారు. మల్లప్ప కర్నూలు దాకా నడిచి వచ్చి నాతో మొరపెట్టుకున్నాడు: "సార్, అది మేతకు పోలేకపోతాండాది. వచ్చినోళ్ళందరూ మొగానికి కుంకుమ పూసి, మా బిడ్డకు పెండ్లి ఎప్పుడవుతాదో సెప్పమంటాండారు. నన్ను మళ్ళా ఊరంతా తిడతాండాది, ఈతూరి సూసేదానికి దుడ్లు తీసుకోలేదని."

'ప్రభుత్వోద్యోగి సమక్షంలో' అన్న మాట మా జిల్లా అధికారి కంట పడింది. విచారించి నాకు మెమో ఇచ్చారు. అనుమతి లేని వ్యాఖ్యానం చదవడం ఒకటి, విదేశీ ప్రముఖుడి చిత్రం మీద గొర్రె నీడ పడనివ్వడం రెండు, పర్యటన డైరీలో ప్రజల స్పందన అనే గడిలో 'ఉత్సాహపూరితం' అని మాత్రమే రాసి మిగతాది దాచడం మూడు. సంజాయిషీలో నిజమే రాశాను: వార్తలో నేను మార్చిన మాట ఒక్కటే, మిగతాది ప్రచురితమైన పత్రికలోనిది; గొర్రె తనంత తాను రాలేదు, సవరణ నిమిత్తం తీసుకురాబడినది. అధికారి చదివి, సర్వీసు రిజిస్టరులో హెచ్చరిక నమోదు చేసి వదిలేశారు. గొర్రె మాట్లాడలేదని శాఖ తరఫున ఖండన పంపుదామా అని అడిగారు. వద్దని మనవి చేశాను. మాట్లాడలేదని మనమంటే, మరి ఏమి మాట్లాడిందని దాస్తున్నారో అంటారు. ఆయన ఆలోచించి ఊరుకున్నారు. పంతులుకు ఆ పై వారం రెండు తలల దోసకాయ దొరికింది. గొర్రె మేతకు వెళ్ళింది.

ఆ హెచ్చరిక వల్ల నా ప్రమోషను రెండేళ్ళు ఆలస్యమైంది. అన్యాయమని అనను, రూలు రూలే. ఆ ఉదంతం వల్ల పనిలో రెండు సంగతులు నేర్చుకున్నాను. తప్పుడు వార్తను కాదంటే అది బలుస్తుంది. దాన్ని దాని గొంతుతోనే పూర్తిగా చదివి, తప్పు పడిన ఒక్క మాటను సరిచేస్తే చాలు, మిగతా పని వినేవాళ్ళు చేసుకుంటారు. కానీ ఆ ఒక్క మాట ఏదో తెలియాలంటే వినేవాళ్ళ భాష తెలియాలి. అందుకని అక్కడి నుంచి ఏ కొత్త ఊరికి వెళ్ళినా మైకు విప్పకముందే ఒక గంట సంతలో తిరిగి, ఆ ఊళ్ళో దేన్ని ఏమంటారో అడిగి రాసుకునేవాణ్ణి. నా కింద పనిచేసిన వాళ్ళకు కూడా అదే పని చెప్పాను. కొందరు చేశారు.